గ్రూపులో మాట్లాడేటప్పుడు గ్రామర్ ఎందుకు జారిపోతుంది?

సంక్షిప్తంగా: భాష నేర్చుకునేవాళ్ళు గ్రూపుగా కూర్చుని మాట్లాడుకుంటే ధైర్యం, వేగం పెరుగుతాయి. గ్రామర్ మీద చూపు మాత్రం దానంతట అది పెరగదు. అర్థానికి అడ్డురాని తప్పును చెప్పినవాళ్ళూ పట్టించుకోరు, విన్నవాళ్ళూ పట్టించుకోరు. ఇచ్చిన టాస్క్‌లో, అంటే గ్రూపు మాట్లాడుకుంటూ పూర్తి చేయాల్సిన పనిలో, గ్రామర్‌తో నిజంగా పని పడుతోందా, మాట్లాడడానికి ముందూ తర్వాతా కాస్త వ్యవధి దొరుకుతోందా అన్నదాని మీదే ఫలితం ఎక్కువగా ఆధారపడుతుంది.

భాషా తరగతుల్లో గ్రూప్ డిస్కషన్లు, జంట సంభాషణలు, రోల్‌ప్లేలు ఇప్పుడు మామూలైపోయాయి. వాటితో పాటే ఒక పాత తగువు కూడా నడుస్తోంది. "గ్రామర్ గురించి ఆలోచించొద్దు, ముందు మాట్లాడేయండి" అని ఒకరు సలహా ఇస్తారు. "తప్పులతో మాట్లాడితే ఆ తప్పులే నోటికి అలవాటైపోతాయి" అని ఇంకొకరు హెచ్చరిస్తారు. ఒకే విద్యార్థి ఒకే వారంలో ఈ రెండూ వినాల్సి వస్తోంది. టీచర్ల అయోమయం మరో రకం. పరీక్ష పేపర్లో భూతకాలం ఒక్క తప్పు లేకుండా రాసినవాళ్ళే కాసేపటికి గ్రూపులో కూర్చుని "యెస్టర్‌డే ఐ గో" అంటారు. వీళ్ళకు గ్రామర్ వచ్చినట్టా, రానట్టా?

ఇక్కడ మూడు వేర్వేరు సామర్థ్యాలు కలగాపులగం అవుతున్నాయి. నియమాన్ని వివరించగలగడం ఒకటి. ఆలోచించకుండానే దాన్ని వాడగలగడం ఇంకొకటి. మాట్లాడుతున్న ఆ క్షణంలో తన మాటలోనో ఎదుటివారి మాటలోనో ఒక రూపాన్ని, అంటే క్రియ చివరి ప్రత్యయం లాంటిదాన్ని, గమనించగలగడం మూడోది. మొదటిది ఉన్నంత మాత్రాన మిగతా రెండూ ఉంటాయనుకోవడానికి లేదు. గ్రూప్ టాస్క్‌ల గురించిన చర్చలో అసలు విషయం ఆ మూడోదే. విచిత్రంగా, తరగతుల్లో అందరూ కొలిచేది మాత్రం మొదటిదాన్ని.

మాట పుట్టే వేగం

మాట నోట్లోంచి బయటికి వచ్చేలోపు ఏం జరుగుతుందో డచ్ మనోభాషా శాస్త్రవేత్త విలెమ్ లెవెల్ట్ 1989లో ఒక నమూనాగా వివరించారు. ముందు ఏం చెప్పాలో తేల్చుకోవాలి. తర్వాత దానికి పదాలు, వాక్య నిర్మాణం సమకూర్చుకోవాలి. ఆ తర్వాత పలకాలి. ఈ మూడింటితో పాటు తన మాటను తానే వింటూ సరిచూసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. సొంత భాషలో రెండో దశ దాదాపు దానంతట అదే నడిచిపోతుంది కాబట్టి సెకనుకు రెండు మూడు పదాల చొప్పున మాట్లాడగలుగుతాం. కొత్త భాషలో శ్రద్ధ అంతా ఆ రెండో దశే తినేస్తుంది. సరిచూసుకోవడానికి మిగిలేది తక్కువ.

ఒంటరిగా మాట్లాడితేనే ఇంత పని. గ్రూపులో దీనికి తోడు వంతు కోసం పోటీ ఉంటుంది. 10 భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మధ్య సగటు వ్యవధి సెకనులో అయిదో వంతుకు దగ్గరగా తేలింది. ఒక్క పదాన్ని పలకడానికి సిద్ధమవడానికే సొంత భాషలోనూ దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అవతలి వ్యక్తి ఇంకా మాట్లాడుతుండగానే మన మాట తయారు కావాలి. వినాలి, అర్థం చేసుకోవాలి, సమాధానం కూర్చుకోవాలి, సందు చూసి దూరాలి. నలుగురున్న గ్రూపులో ఒక్క క్షణం తటపటాయిస్తే ఆ వంతు పోయినట్టే. కొత్త భాషలో మాట్లాడేవాళ్ళకు ఈ టెన్షన్‌లో మొదట జారేది క్రియ చివరి ప్రత్యయమే.

నేర్చుకున్న నియమాన్ని మాట్లాడేటప్పుడు వాడుకోవాలంటే మూడు కావాలని అమెరికన్ పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ 1980ల మొదట్లో చెప్పారు: తగినంత సమయం, రూపం మీద దృష్టి, నియమం తెలిసి ఉండడం. ఆయన సిద్ధాంతాల్లో చాలా వాటి మీద తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి. ఈ పరిశీలన మాత్రం గ్రూప్ సంభాషణకు సరిగ్గా అతుకుతుంది. పేపర్ మీద మూడూ ఉంటాయి. గ్రూపులో చాలాసార్లు మూడోది ఒక్కటే మిగులుతుంది.

ధారాళత, వాక్యాల సంక్లిష్టత, తప్పుల్లేకపోవడం ఈ మూడూ ఒకే శ్రద్ధ కోసం పోటీ పడతాయని భాషా పరిశోధకుడు పీటర్ స్కెహాన్ వాదన. టాస్క్‌ను తగిన రీతిలో కష్టతరం చేస్తే సంక్లిష్టత, కచ్చితత్వం కలిసే పెరగవచ్చని మరో పరిశోధకుడు పీటర్ రాబిన్సన్ అంటారు. ఈ వాదం ఇంకా తేలలేదు. టాస్క్‌ను బట్టి శ్రద్ధ ఎటు పోతుందో మారుతుందన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

అర్థం అందగానే ఆగిపోయే చూపు

తెలుగు నేర్చుకుంటున్న ఒకరు "రేపు నేను వచ్చాను" అన్నారనుకుందాం. వినేవాళ్ళు "సరే, ఎన్నింటికి?" అని ముందుకు సాగిపోతారు. కాలం సంగతి "రేపు" చెప్పేసింది కాబట్టి క్రియ తప్పినా నష్టం లేదు. "వాళ్ళు వచ్చాడు" అన్నా అంతే, ఎవరో, ఎంతమందో కర్తలోనే తెలిసిపోయింది. ఇంగ్లీషులో "షి వర్క్ హియర్" అన్నప్పుడు క్రియ చివర రాలిపోయిన "ఎస్" కూడా ఇలాంటిదే. భాషలు ఒకే సమాచారాన్ని రెండు మూడు చోట్ల చెబుతుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాటిలో తేలికైన చోటును, అంటే విడిగా వినిపించే పదాన్ని, పట్టుకుంటారు. ప్రత్యయం వినిపించినా మనసుకు ఎక్కదు.

బిల్ వాన్‌ప్యాటన్ 1990లో ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని తేలిగ్గా చూపిస్తుంది. స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్ళకు ఒక భాగాన్ని వినిపించి, అర్థం చేసుకుంటూనే ఒక్కో గుంపు ఒక్కో అంశాన్ని గుర్తించాలన్నారు. "ద్రవ్యోల్బణం" అనే ముఖ్యమైన పదాన్ని గుర్తించమన్నవాళ్ళకు అర్థం చేసుకోవడంలో పెద్ద ఇబ్బంది రాలేదు. "లా" అనే ఆర్టికల్‌నో, క్రియ చివరి "న్" ధ్వనినో గమనించమన్నవాళ్ళు మాత్రం విషయాన్ని తక్కువగా గ్రహించారు. ప్రారంభ దశలో ఉన్నవాళ్ళు అర్థాన్నీ, అర్థం మోయని రూపాన్నీ ఒకేసారి పట్టుకోలేకపోతున్నారన్నమాట. "మాట్లాడుతూనే గ్రామర్ కూడా చూసుకోండి" అనే సలహా ఎందుకు పనిచేయదో ఇక్కడే తెలుస్తుంది.

అర్థమే గ్రామర్ మీద ఆధారపడితే కథ మారుతుంది. తెలుగు నేర్చుకునే ముగ్గురు ఒక ప్రయాణాన్ని ప్లాన్ చేస్తున్నారనుకుందాం. ఒకరు మూడో వ్యక్తితో "రేపు మనం స్టేషన్‌కి వెళ్తున్నాం" అంటారు. "నేను కూడానా?" అని ఆ మూడో వ్యక్తి అడుగుతారు. "కాదు కాదు, మేమిద్దరం" అని మొదటివారు సర్దుకుంటారు. టీచరూ దిద్దలేదు, నియమమూ ఎవరూ చెప్పలేదు. "మనం", "మేము" తేడా మీద ఆ గ్రూపు చూపు పడింది, ఎందుకంటే ఎవరు రైలెక్కుతారన్నది ఆ తేడా మీదే ఉంది. గ్రూప్ టాస్క్‌లో గ్రామర్ స్పృహ సహజంగా పుట్టేది ఇలాంటి చోటే. చిక్కల్లా ఏమిటంటే, ఏ భాషలోనైనా ఇలా సంభాషణను ఆపేసేంత బరువున్న రూపాలు కొన్నే ఉంటాయి.

రెండు వాదాల వెనక అనుభవం

"ముందు మాట్లాడేయండి" అనే వాదానికి బలం గ్రామర్ పాఠాల వైఫల్యం నుంచి వచ్చింది. ఏళ్ళ తరబడి నియమాలు వల్లించినవాళ్ళు నాలుగు వాక్యాలు మాట్లాడలేకపోవడం చాలా దేశాల్లో కనిపించింది. 1979లో భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతదేశంలో మొదలుపెట్టిన బెంగళూరు ప్రాజెక్టు ఈ నేపథ్యంలోదే. విద్యార్థుల మనసు అర్థం మీద నిలిచినప్పుడే గ్రామర్ లోపల కుదురుకుంటుందన్న నమ్మకంతో ఆయన పాఠాల స్థానంలో టాస్క్‌లు పెట్టారు. ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన ప్రభు తన తరగతుల్లో గ్రూప్ వర్క్‌ను ప్రోత్సహించలేదన్నది చాలామంది మరిచిపోయే సంగతి. విద్యార్థులు ఒకరి అరకొర భాషను మరొకరు వింటూ పోతే ఆ అరకొర భాషే స్థిరపడుతుందని ఆయన అనుమానించారు. టాస్క్ అంటే గ్రూపే అని ఇప్పుడు అనుకుంటున్నాం గానీ, మొదట్లో ఆ రెండూ విడివిడి విషయాలే.

ఆ అనుమానానికి ఊతమిచ్చే ఉదాహరణ హవాయిలో దొరికింది. పరిశోధకుడు రిచర్డ్ ష్మిట్ 1983లో రాసిన అధ్యయనం, "వెస్" అని మారుపేరు పెట్టిన ఒక జపాన్ కళాకారుడిది. ఆయన ఇంగ్లీషు మాట్లాడే సమాజంలోనే బతికాడు, చొరవగా మాట్లాడాడు, పనులు చక్కబెట్టుకున్నాడు. సంభాషణ నడిపే నేర్పు బాగా పెరిగింది. మూడేళ్ళ గమనింపు చివరికి గ్రామర్ మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. అర్థం అందుతున్నంత కాలం ఆయనకు దానితో అవసరం పడలేదు.

కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదువుకున్న ఇంగ్లీషు పిల్లల విషయంలోనూ ఇలాంటిదే బయటపడింది. విని అర్థం చేసుకోవడంలో వాళ్ళు ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చారు. మాట్లాడడంలో, రాయడంలో గ్రామర్ తప్పులు ఏళ్ళ తర్వాతా పోలేదు. వినడంతోనే భాష వచ్చేస్తుందన్న క్రాషెన్ వాదానికి సవాలుగా మెరిల్ స్వెయిన్ 1985లో తన ప్రతిపాదన చేశారు: విన్నది అర్థం కావడానికి గ్రామర్ లేకపోయినా నెట్టుకురావచ్చు, సరిగా చెప్పాల్సి వచ్చినప్పుడే తనకు ఏది రాదో తెలిసొస్తుంది. ష్మిట్ 1990లో దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళి, గమనించని రూపం ఒంటపట్టదని వాదించారు. గమనింపు తప్పనిసరా, లేక సాయపడుతుందా అన్నదాని మీద పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అది అక్కరలేదనేవాళ్ళు మాత్రం ఇప్పుడు తక్కువ.

గ్రూపులో ఒకరినొకరు దిద్దుకుంటారా?

గ్రూప్ వర్క్‌ను సమర్థించేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: అర్థం కానప్పుడు విద్యార్థులు "ఏమన్నావు?" అని అడుగుతారు, ఆ అడగడంలోనే భాష మెరుగవుతుంది. పాలిన్ ఫోస్టర్ 1998లో ఒక మామూలు తరగతిని గమనిస్తే, అలా అడిగినవాళ్ళు చాలా తక్కువని తేలింది. కొందరు అసలు నోరే విప్పలేదు. అర్థం కాకపోయినా తలూపి ముందుకు పోవడమే ఎక్కువ. ఇది బద్ధకం వల్ల అనుకోనక్కర్లేదు. తోటివారిని మాటిమాటికీ ఆపడం మర్యాదగా అనిపించదు. పైగా ఆగితే టాస్క్ పూర్తి కాదు.

దృష్టి భాష మీదికి మళ్ళినప్పుడు కూడా అది పదాల మీదికే పోతుంది. వేర్వేరు స్థాయుల విద్యార్థులను పరిశీలించిన జెస్సికా విలియమ్స్ 1999 నాటి అధ్యయనంలో కనిపించింది ఇదే. "దీన్ని ఏమంటారు?" అనే ప్రశ్న తరచుగా వచ్చింది, క్రియారూపాల గురించిన ప్రశ్న అరుదు. స్థాయి పెరిగేకొద్దీ భాష మీద చూపు పెరిగింది. ఇందులో ఒక చిక్కు ఉంది. గ్రామర్‌పై స్పృహ ఎక్కువగా అవసరమైన కింది స్థాయి వాళ్ళ దగ్గరే అది తక్కువగా కనిపిస్తోంది.

టీచర్ దిద్దితే పరిస్థితి బాగుంటుందా అంటే, అది దిద్దే తీరును బట్టి ఉంటుంది. మాంట్రియల్ ప్రాంతంలోని ఫ్రెంచి మాధ్యమ తరగతులను రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో విశ్లేషించారు. టీచర్లు ఎక్కువగా వాడింది తప్పు వాక్యాన్ని సరిచేసి తిరిగి పలకడం. మొత్తం దిద్దుబాట్లలో 55 శాతం అలాంటివే. వాటికి విద్యార్థులు ఏదో ఒక రకంగా స్పందించింది 31 శాతం సార్లు. సరైన రూపాన్ని విద్యార్థి నోటితోనే రాబట్టే ప్రయత్నం చేసినప్పుడు మాత్రం ప్రతిసారీ స్పందన వచ్చింది. కారణం ఊహించదగ్గదే. విద్యార్థి "హి గో ఎవ్రీడే" అంటే, టీచర్ "యెస్, హి గోస్ ఎవ్రీడే" అంటారు. విద్యార్థికి "యెస్" వినిపిస్తుంది. తను చెప్పిన విషయం టీచర్‌కు అందిందన్న సంతృప్తితో సంభాషణ సాగుతుంది.

ప్రభు భయపడినంత నష్టం జరుగుతోందా అంటే, దానికి సమాధానం కొంత ఊరటనిస్తుంది. గ్రూపులో విద్యార్థులు సరైనదాన్ని తప్పుగా దిద్దడం అరుదని 1980ల నుంచీ పరిశీలనలు చెబుతున్నాయి. అసలు దిద్దడమే తక్కువ కాబట్టి తప్పుగా దిద్దడమూ తక్కువే అనుకోవచ్చు. ఎవరు ఎవరితో కూర్చున్నారన్నదీ ముఖ్యమే. జంటలుగా రాసే పనులను గమనించిన నియోమీ స్టోర్చ్ 2002లో నాలుగు ధోరణులను గుర్తించారు. ఇద్దరూ కలిసి నడిచిన జంటల్లోనూ, తెలిసినవారు తెలియనివారిని కలుపుకుపోయిన జంటల్లోనూ భాషాజ్ఞానం ఒకరి నుంచి ఒకరికి చేరింది. ఇద్దరూ పంతానికి పోయిన చోట, ఒకరు పెత్తనం చేసి ఇంకొకరు మిన్నకున్న చోట అది అంతగా జరగలేదు. బాగా వచ్చినవారి పక్కన రానివారిని కూర్చోబెడితే చాలనే సూత్రానికి ఇది చిన్న దిద్దుబాటు.

టాస్క్ తయారీలోనే సగం పని

"మంచి నాయకుడికి ఏ లక్షణాలు ఉండాలి?" అని గ్రూపుకు ఇస్తే "ఐ థింక్", "షుడ్" అనే రెండు ముక్కలతో అరగంట గడిచిపోతుంది. చర్చ వేడిగా సాగవచ్చు, గ్రామర్ పరిధి మాత్రం అంగుళం జరగదు. ఇంకో టాస్క్ చూద్దాం. ఒక గదిలో వస్తువు పోయింది. నలుగురి దగ్గరా నాలుగు సాక్ష్యాల కార్డులున్నాయి, ఒకరిది మరొకరు చూడకూడదు. ఒక కార్డులో "వెన్ ఐ కేమ్ ఇన్, హి లెఫ్ట్" అని, మరోదానిలో "వెన్ ఐ కేమ్ ఇన్, హి హ్యాడ్ లెఫ్ట్" అని ఉంది. మొదటి సాక్షి అతన్ని చూసి ఉండవచ్చు. రెండో సాక్షి వచ్చేసరికే అతను వెళ్ళిపోయాడు. ఈ తేడా పట్టుకోకపోతే దొంగ దొరకడు.

ఒక రూపం లేకుండా టాస్క్ పూర్తే కానప్పుడు, దాన్ని టాస్క్‌కు అత్యవసరమైన గ్రామర్‌గా లోష్కీ, బ్లే-వ్రోమన్ 1993లో వర్గీకరించారు. అలాంటి టాస్క్ తయారు చేయడం ఎంత కష్టమో కూడా వాళ్ళే ఒప్పుకున్నారు. మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ దొడ్డిదారి వెతుక్కోగలరు: "ఐ కేమ్. హి నాట్ దేర్." పని అయిపోయింది, "హ్యాడ్ లెఫ్ట్" లాంటి పాస్ట్ పర్ఫెక్ట్ ఊసే లేదు. అందుకే ఆ రూపాన్ని మాట్లాడేవారి మీద రుద్దే బదులు వినేవారి ముందు పెట్టడం తేలిక. కార్డులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివి వినిపించాలని నియమం పెడితే, అర్థం విప్పాల్సిన భారం మిగతా ముగ్గురి మీద పడుతుంది.

వ్యవధి సంగతి కూడా ఇలాంటిదే. మాట్లాడడానికి ముందు 10 నిమిషాలు ఆలోచించుకోనిస్తే ఏమవుతుందో ఫోస్టర్, స్కెహాన్ 1996లో పరీక్షించారు. ధారాళత, వాక్యాల సంక్లిష్టత స్పష్టంగా పెరిగాయి. తప్పులు తగ్గడం మాత్రం టాస్క్‌ను బట్టి మారింది. సమయం దొరికితే చాలామంది దాన్ని ఏం చెప్పాలన్నదానికే ఖర్చు పెడతారు కాబట్టి ఇది వింతేమీ కాదు. జేన్ విల్లిస్ సూచించిన క్రమంలో ఇందుకో ఉపాయం ఉంది. గ్రూపు ముందు తమలో తాము మాట్లాడుకుంటుంది. తర్వాత తరగతి అందరికీ చెప్పడానికి సిద్ధమవుతుంది, ఆపైన చెబుతుంది. నలుగురి మధ్య "హి గో" చెల్లుతుంది. నలభై మంది ముందు నిలబడి చెప్పాల్సి వస్తే అదే గ్రూపు "గో నా, వెంట్ నా?" అని తర్జనభర్జన పడుతుంది. టీచర్ కష్టపడి రప్పించాలనుకునే ప్రశ్న శ్రోతలు మారగానే దానంతట అదే వస్తుంది.

అదే టాస్క్‌ను కొన్నాళ్ళకు మళ్ళీ చేయించడం కూడా పనికొస్తుంది. ఒక కార్టూన్ వీడియో కథను మూడు రోజుల తేడాతో మళ్ళీ చెప్పించి చూసిన మార్టిన్ బైగేట్, రెండోసారి మాటల ఎంపికా కచ్చితత్వమూ మెరుగైనట్టు 1996లో రాశారు. పరిశీలించింది ఒక్కరినే కాబట్టి దాన్ని సూత్రంగా తీసుకోలేం గానీ, కారణం సులువుగానే అర్థమవుతుంది. ఏం చెప్పాలన్న పని మొదటిసారే అయిపోయింది కాబట్టి రెండోసారి ఎలా చెప్పాలన్నదానికి చోటు దొరుకుతుంది. తరగతుల్లో ఇది ఎక్కువగా జరగకపోవడానికి విసుగు వస్తుందన్న భయమే కారణం. వినేవాళ్ళను మారిస్తే ఆ విసుగు చాలావరకు పోతుంది.

పరీక్షలు ఎటు లాగుతాయి

ఏది కొలుస్తారో దాని మీదికే దృష్టి పోతుంది. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో అభ్యర్థి 11 నుంచి 14 నిమిషాలు పరీక్షకుడితో ఒంటరిగా మాట్లాడతారు. గ్రామర్ పరిధి, కచ్చితత్వం కలిపి నాలుగు ప్రమాణాల్లో ఒకటి, నాలుగింటికీ సమాన విలువ. కేంబ్రిడ్జ్ బీ2 ఫస్ట్ స్పీకింగ్ పరీక్షను సాధారణంగా ఇద్దరు అభ్యర్థులు కలిసి రాస్తారు. అక్కడ గ్రామర్, పదజాలం కలిసి ఒక ప్రమాణం, ఎదుటివారితో కలిసి సంభాషణ నడిపే తీరు ఇంకొకటి. రెండో రకంలో ఎదుటివారి మాట అందుకోవడానికీ మార్కులుంటాయి కాబట్టి, గ్రామర్ కోసం ఆగి ఆలోచించడం అభ్యర్థికి నష్టంగా తోచవచ్చు. ఒక పరీక్ష కోసం నేర్పిన అలవాటు మరోదానిలో ఎదురుతిరగడానికి ఇది ఒక కారణం. గ్రూప్ డిస్కషన్ ద్వారా ఉద్యోగులను ఎంచుకునే చోట్ల చొరవ, వాదన ముందుంటాయి. అక్కడ తప్పులు వినిపించినా, అర్థం చెడనంతవరకు వాటి బరువు తక్కువే.

రికార్డింగు చేతికొచ్చాక

మాటకున్న పెద్ద చిక్కు అది నిలవకపోవడం. రాసింది ఎదురుగా ఉంటుంది, చెప్పింది గాలిలో పోతుంది. అందుకే తమ సంభాషణను తామే విని కాగితం మీదికి ఎక్కించే పద్ధతికి ఆదరణ పెరిగింది. టోనీ లించ్ 2001లో వివరించిన తరగతిలో విద్యార్థులు జంటగా తమ రోల్‌ప్లేలోని చిన్న ముక్కను రాసుకుని, తమకు తోచినట్టు దిద్దుకున్నారు. ఆ దిద్దుబాట్లలో ఎక్కువ భాగం మెరుగుదలలే. మాట్లాడేటప్పుడు కనబడని తప్పు కాగితం మీద వాళ్ళకే కనబడింది. నియమం తెలిసిన పాత జ్ఞానం అప్పుడు పనిలోకి దిగింది.

ఫోన్లలో మాటను అక్షరంగా మార్చే యాప్‌లు ఉండడంతో ఈ పని ఇప్పుడు తేలికైనట్టు కనిపిస్తోంది. గ్రూపు మాట్లాడుతుంటే పక్కనే అక్షరాలు పడుతుంటాయి. కృత్రిమ మేధతో మాట్లాడే యాప్‌లైతే తప్పుల పట్టికను కూడా చేతిలో పెడతాయి. పట్టిక చదవడం వేరు, తప్పును తానే పట్టుకోవడం వేరు. ఇరవై తప్పుల జాబితా చూసినవాళ్ళకు ఏది ముందు సరిచేసుకోవాలో తెలియదు. అంతకంటే సూక్ష్మమైన ఇబ్బంది ఇంకొకటుంది. కొన్ని యాప్‌లు వినిపించినదాన్ని రాయడంలో సరైన వాక్యం వైపు మొగ్గుతాయి. విద్యార్థి "హి గో" అంటే తెర మీద "హి గోస్" అని పడవచ్చు. గమనించాల్సింది గమనించకముందే మాయమవుతుంది. అందుకని చివరి ఒక్క నిమిషం సంభాషణనైనా యాప్‌కు వదిలేయకుండా, ఆపి ఆపి వింటూ, పలికింది పలికినట్టు గ్రూపే చేత్తో రాసుకోవడం ఇప్పటికీ ఎక్కువ పనికొస్తుంది.